తటస్థతకు లిపి పరీక్ష: ఎక్స్ విండో సిస్టమ్ – ఒక విమర్శ

ఉపోద్ఘాతం

1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్‌ల కృషితో రూపుదిద్దుకున్న ఎక్స్ విండో సిస్టమ్, వేర్వేరు సంస్థల వర్క్‌స్టేషన్లకు ఉమ్మడి తెర వ్యవస్థను సమకూర్చింది. ఇందులో తెరను, కీబోర్డును, మౌస్‌ను నిర్వహించే సర్వర్ వాడుకరి బల్లమీదే ఉంటుంది. క్లయింట్ అనబడే అనువర్తనం నెట్‌వర్క్‌లోని మరో యంత్రంలో నడవవచ్చు. యంత్రాంగాన్ని అందించాలి, విధానాన్ని విధించకూడదన్నది దీని మూలసూత్రం. కిటికీ అంచు ఎలా ఉండాలో, మీట ఎలా కనిపించాలో ఈ వ్యవస్థ శాసించదు. ఈ తటస్థత ఎంతవరకు నిజమో తెలుగు లిపి ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఒక సంకేతం – ఒక ఆకృతి

1987లో వెలువడిన ఎక్స్11 ప్రోటోకాల్‌లో ఫాంట్లు సర్వర్ అధీనంలో ఉంటాయి. క్లయింట్ 8 లేదా 16 బిట్ల సంకేతాల వరుసను పంపుతుంది. సర్వర్ ఒక్కో సంకేతానికి ఒక్కో ఆకృతిని వరుసగా పేరుస్తుంది. రోమన్ లిపికి ఇది చాలు, తెలుగుకు చాలదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి యూనికోడ్‌లో ఆరు సంకేతాలు కావాలి. వరుసలో చివరనున్న ఈకారం గుడిదీర్ఘమై సకారం తలపైకి చేరుతుంది. తకార రేఫలు వత్తులవుతాయి. కనుక ఒక సంకేతానికి ఒక ఆకృతి అన్నది కేవలం యంత్రాంగం కాదు, లిపి స్వభావం గురించి ముందే చేసిన నిర్ణయం.

ప్రతి వత్తుకూ, గుణింతపు ముక్కకూ ఫాంట్‌లో విడి సంకేతం కేటాయించి సర్దుకోవచ్చునన్న వాదం ఉంది. అప్పుడు పాఠం ఆ ఫాంట్‌కే బందీ అవుతుంది. పదాన్వేషణ, అకారాది క్రమం రెండూ దెబ్బతింటాయి. డీటీపీ ఫాంట్లలో కూర్చిన పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకున్న పరిశోధకులకు ఈ ఇబ్బంది అనుభవమే.

సవరణ – దాని మూల్యం

2000 ప్రాంతంలో కీత్ పాకర్డ్ రూపొందించిన రెండర్ విస్తరణతో అక్షరాల కూర్పు క్లయింట్ వైపుకు మారింది. హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలు వత్తులను, గుణింతాలను అమర్చగా, సిద్ధమైన ఆకృతులు వాటి స్థానాలతో సహా సర్వర్‌కు చేరుతున్నాయి. మూల ప్రోటోకాల్‌ను మార్చకుండానే ఇది సాధ్యమైంది. విస్తరణకు చోటుంచిన రూపకర్తల దూరదృష్టిని ఇక్కడ అంగీకరించాలి. అయితే పాత పద్ధతినే అనుసరించే అనువర్తనాలకు ఈ ఫలం అందలేదు. వాటిలో వత్తులు కలవవు.

ముగింపు

కిటికీల విషయంలో ఎక్స్ తటస్థంగానే ఉంది. లిపి విషయంలో లేదు. రూపకర్తలకు సహజంగా తోచిన అంశం వారికి విధానంగా కనిపించదు. దానిని విధానంగా గుర్తించగలిగేది దానిలో ఇమడని లిపి. సాంకేతిక వ్యవస్థల విమర్శలో తెలుగు భాషాశాస్త్రానికి చోటు ఉండవలసిన కారణమిదే.