మోకాళ్ల మిట్ట దాకా

తిరుపతిలో పొద్దున ఏడూ ముప్ఫై అయిదు. వీధిలో పాలబండి పోయి చాలాసేపయింది, వంటింట్లో డికాషన్ దిగుతోంది. సరిగ్గా అప్పుడే కెనడా పడమటి తీరాన, వాంకూవర్‌లో, ముందు రోజు రాత్రి ఏడూ అయిదు. నాట్ బెయిలీ స్టేడియంలో బేస్‌బాల్ మ్యాచ్ మొదలవుతుంది. 2025లో ఈ కాలమ్ రాసేవాడికి ఎన్నో ఉదయాలు అట్లాగే తెల్లవారాయి, ఒక చేతిలో కాఫీ గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. ఆట చూడటం కాదు, స్కోరు పట్టికలో ఒకే ఒక్క వరుస చూడటం. ఆ వరుసలో పేరు నిమ్మల.

ఇంటిపేరు చదవగానే మనవాళ్ల పేరే అనిపించింది. అర్జున్ నిమ్మల 2005 అక్టోబరులో పుట్టాడు, ఫ్లోరిడాలో పెరిగాడు, అమ్మానాన్నలు మన దేశం నుంచి వెళ్లినవాళ్లు. ఆడేది షార్ట్‌స్టాప్ స్థానంలో. రెండో బేసుకూ మూడో బేసుకూ నడుమ నిలబడి, నేలను కోసుకుంటూ వచ్చే బంతిని ఒడిసిపట్టి మొదటి బేసుకు విసరాలి. మన పాయింట్ ఫీల్డరు చేసే పనికి దగ్గరిది. 2023 జులైలో టొరంటో బ్లూ జేస్ జట్టు అతన్ని మొదటి రౌండులోనే, 20వ ఎంపికగా తీసుకుంది. అప్పటికి వయసు 17. హైస్కూలు చదువు అప్పుడే ముగిసింది.

మొదటి రౌండులో ఎంపికైన పిల్లాడు మరుసటి ఏడాదికల్లా టీవీలో కనబడతాడని మనం అనుకుంటాం. బేస్‌బాల్‌లో అది చాలా అరుదు. పెద్ద జట్లు 30. ఒక్కోదాని కింద నాలుగు మెట్లు. 2021లో చేసిన మార్పుల తర్వాత ఆ చిన్న జట్లన్నీ కలిపి 120. బ్లూ జేస్ పిల్లాడికి దారి ఫ్లోరిడాలోని డనీడిన్‌లో మొదలవుతుంది, అది సింగిల్-ఎ. ఆపైన వాంకూవర్, హై-ఎ. ఆపైన న్యూ హాంప్‌షైర్, డబుల్-ఎ. చివర బఫలో, ట్రిపుల్-ఎ. బఫలో నుంచి టొరంటో మనకు చెన్నై ఎంతో ఇంచుమించు అంతే దూరం. ఆ కాస్త దూరం దాటలేక అక్కడే ఏళ్లు గడిపి ఆట మానుకున్నవాళ్లు ఎందరో.

అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం చేరేసరికి రొప్పు వచ్చేస్తుంది. కొత్తవాళ్లు ఇక అయిపోయిందనుకుని కూలబడి ఫొటోలు దిగుతారు. అక్కడి నుంచి దారి చదునుగా, జింకల పార్కు పక్కగా, సుఖంగానే సాగుతుంది. ఆ తర్వాత మోకాళ్ల మిట్ట. మొదటి రౌండులో పేరు పిలిచిన రోజు గాలిగోపురం అనుకుంటే, పిల్లల అసలు కథ ఆ మిట్ట దగ్గర తెలుస్తుంది. వాళ్లను వెంబడించి చూసేవాడి ఓపిక సంగతీ అక్కడే తేలుతుంది.

2024లో డనీడిన్ ఆటలు మనకు తెల్లవారుజామున నాలుగింటికి మొదలయ్యేవి, కొండ మీద సుప్రభాతం అయి ఎంతోసేపు కాని వేళ. ఏప్రిల్ అంతా నిమ్మల వరుసలో సున్నాలు ఎక్కువ. మూడు స్ట్రైకులకు అవుటయ్యే స్ట్రైకౌట్లు పోగుపడుతున్నాయి. మే నెలలో ఆ పేరే కనబడకుండా పోయింది. గాయమేమోనని వెతికితే, గాయం కాదు. బ్యాటింగ్ సరిచేసుకొమ్మని జట్టువాళ్లే అతన్ని మ్యాచ్‌ల నుంచి తప్పించి శిక్షణ కేంద్రంలో పెట్టారు. కింది మెట్టుకు కూడా కింద. అక్కడ కాంప్లెక్స్ లీగ్‌లో కొన్ని ఆటలాడించి, వేసవి నడుమ మళ్లీ డనీడిన్ జట్టులోకి తెచ్చారు. తిరిగొచ్చినవాడి బ్యాటు వేరేగా పలికింది. సీజన్ ముగిసేసరికి డజనుకు పైగా హోమ్ రన్లు. అప్పటికింకా 18 ఏళ్లే.

పేరు కనబడని ఆ కొద్ది వారాలే ఈ రాసేవాడికి మిగతా సీజన్ అంతటికన్నా ఎక్కువ గుర్తున్నాయి. ఒక పదునైన పిల్లాడిని, కోట్లు పోసి తెచ్చుకున్నవాడిని, ఆగమని చెప్పి పక్కన కూర్చోబెట్టి నేర్పడానికి పెద్దలకు ధైర్యం కావాలి. కూర్చోవడానికి పిల్లాడికి ఇంకా ధైర్యం కావాలి. మన ఊళ్లలో జిల్లా జట్టు నుంచి పేరు తీసేస్తే ఇంట్లో పొయ్యి రాజేయని రోజులు ఈ రాసేవాడు చూశాడు. నేర్చుకోవడానికి తీశారా, పనికిరాడని తీశారా అన్నది ఆ పిల్లాడికి ఎవరూ చెప్పరు.

2025లో వాంకూవర్. మొదటి వారాలు బాగా సాగాయి, ఎండాకాలం ముదిరే కొద్దీ పట్టు సడలింది, సీజన్ చివరికి సగటు .230కి దిగువన నిలిచింది. ఆ అంకె ఒక్కటే చూస్తే పెదవి విరుస్తాం. ఈ పనిలో తలపండినవాళ్లు ముందు సగటు చూడరు, వయసు చూస్తారు. ఎదురుగా బంతి విసిరేవాడు 22, 23 ఏళ్లవాడు, కాలేజీ లీగులు దాటి వచ్చినవాడు. ఇతను 19. వయసు తర్వాత స్ట్రైకౌట్లు తగ్గుతున్నాయా, చెడ్డ బంతిని వదలడం అలవాటవుతోందా అని చూస్తారు. బంతి ఎంత గట్టిగా తగిలిందన్నది ఆ తర్వాత. సగటు ఆఖర్న. ఈ వరుస నేర్చుకోవడానికి ఈ రాసేవాడికి రెండు సీజన్లు పట్టింది, అది నేర్చుకున్నాక మన క్రికెట్ స్కోర్లు చదివే కన్ను కూడా మారింది.

ఆ కన్నుతో నితీశ్ కుమార్ రెడ్డిని చూడండి. 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో విశాఖ పిల్లాడు 1,237 పరుగులు చేశాడు, సగటు 176.41, నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 441. ఆ అంకెలు అప్పుడు అందరూ చదివారు. తర్వాతి ఏళ్లు ఎంతమంది చదివారు? 2020 జనవరిలో రంజీలో తొలి మ్యాచ్ ఆడాడు. చాలాకాలం అతన్ని బ్యాటు పట్టగల మీడియం పేసర్‌గానే జనం ఎరుగుదురు. 2023 ఐపీఎల్‌కు సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకుంటే ఆడింది రెండే మ్యాచ్‌లు. ఆ మౌనం దాటి 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో, ఎనిమిదో స్థానంలో దిగి సెంచరీ చేసిన రోజున గ్యాలరీలో తండ్రి ఏడుస్తుంటే దేశమంతా చూసింది. కొడుకు ఆట కోసం ఆయన హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్నది 2016లో. లెక్క వేస్తే ఎనిమిదేళ్లు.

అందరికీ ఆ రోజు రాదు. ఆంధ్ర బ్యాటర్ రికీ భుయ్ 2014లోనూ 2016లోనూ అండర్-19 ప్రపంచకప్ ఆడాడు. 2023-24 రంజీ సీజన్‌లో దేశం మొత్తమ్మీద అందరికన్నా ఎక్కువ పరుగులు అతనివే, 902. అమెరికాలో బఫలో లాంటి చోట ఏళ్ల తరబడి దంచికొడుతూ పిలుపు కోసం చూసేవాళ్లకు మనలో సాటి ఇట్లాంటివాళ్లే. వాళ్ల పరుగులు నోటుపుస్తకంలో ఎక్కించేటప్పుడు చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది.

నేరుగా సాగని దారికి బేస్‌బాల్‌లో బంతి విసిరే కుమార్ రాకర్ ఇంకో సాక్షి. తల్లి భారతీయ మూలాలున్న ఆమె, అందుకే ఆ కుమార్. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ మొదటి ఏడాది విద్యార్థిగా డ్యూక్ జట్టుకు ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో మెట్స్ జట్టు 10వ ఎంపికగా తీసుకుని, వైద్యపరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడాది, ఎవరి ఛత్రమూ లేని స్వతంత్ర లీగ్‌లో ట్రై-సిటీ జట్టుకు బంతి విసిరాడు. ఆ ఏడాదే టెక్సాస్ రేంజర్స్ 3వ ఎంపికగా తీసుకుంది. 2023లో మోచేతికి పెద్ద ఆపరేషన్. 2024 సెప్టెంబరు 12న సియాటెల్‌లో తొలి పెద్ద మ్యాచ్ ఆడి ఏడుగురిని స్ట్రైకౌట్ చేశాడు.

ఆ స్ట్రైకౌట్‌ను పుస్తకంలో ‘కె’ అని రాస్తారు. ఈ అక్షరం పెట్టినవాడు హెన్రీ చాడ్విక్, ఇంగ్లండ్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరి, క్రికెట్ మ్యాచ్‌ల గురించి పత్రికలకు రాస్తూ బేస్‌బాల్ వైపు మళ్లినవాడు. ‘స్ట్రక్’ అన్న ఇంగ్లిషు మాట చివర ‘కె’ ఉంది కాబట్టి ఆ అక్షరం. బేస్‌బాల్ స్కోరు పట్టికకు రూపు దిద్దినవాడూ అతనే, క్రికెట్ స్కోరు కార్డును మనసులో పెట్టుకుని. వాంకూవర్ స్కోరు తిరుపతిలో ఇంత చనువుగా కంటికి ఆనడానికి కారణం బహుశా అదే. రెండు పుస్తకాలూ ఒకే ఇంటి బిడ్డలు.

మన స్కోరుబుక్కు అందం చూడాలంటే పక్కన కూర్చోవాలి. తిరుపతిలో ఓ కాలేజీ మైదానం, కొబ్బరినార మ్యాటు పరిచి అంచుల్లో మేకులు దిగ్గొట్టిన పిచ్. చెట్టు కింద బల్ల మీద పొడుగాటి పుస్తకం. గాలికి ఎగరకుండా ఒక మూల మీద నీళ్ల సీసా, ఇంకో మూల మీద పాత బంతి. బౌలరు గడిలో మూడు చుక్కలు పైన, మూడు కింద. పరుగు రాకపోతే స్కోరరు ఆ ఆరు చుక్కలను గీతతో కలుపుతాడు, ఇంగ్లిషు ‘ఎం’ అవుతుంది, మెయిడెన్. అందులోనే వికెట్ పడితే అదే గీత తిరగబడి ‘డబ్ల్యూ’. ఎర్ర పెన్నూ నీలం పెన్నూ మార్చి మార్చి రాస్తాడు, ఏ బౌలరు బంతికి ఏ పరుగో తర్వాత తెలియాలని. ఇంత జాగ్రత్తగా రాసిన పుస్తకం మ్యాచ్ అయ్యాక ఎక్కడికి పోతుంది?

ఇక్కడే ఈ రాసేవాడికి కడుపు మండేది. డనీడిన్‌లో 18 ఏళ్ల పిల్లాడు ఎదుర్కొన్న ప్రతి బంతీ, అది ఎంత వేగంతో వచ్చిందో సహా, ప్రపంచంలో ఎవరైనా చూసేలా భద్రంగా ఉంది. మదనపల్లెలోనో పీలేరులోనో కుప్పంలోనో 14 ఏళ్ల పిల్లాడు జిల్లా మ్యాచ్‌లో కొట్టిన 70 పరుగులు ఒక ట్రంకుపెట్టెలో ఉంటాయి, చెదలు పట్టే దాకా. ఒకప్పుడు ఈ రాసేవాడే మూడు రోజులు కూర్చుని స్కోరు రాసిన టోర్నీ పుస్తకం ఒకటుంది. తర్వాత అడగబోతే, గది ఖాళీ చేసినప్పుడు పాత కాగితాలతో కలిపి తూకానికి వేసేశామన్నారు. ఆ పుస్తకంలో ఎడమచేతి స్పిన్ వేసే ఒక పిల్లాడి 12 ఓవర్లు ఉన్నాయి, అందులో అయిదు మెయిడెన్లు. అతను తర్వాత ఆట మానేశాడు. బాగా వేశాడని చెప్పడానికి ఆ పేజీ తప్ప ఇంకో సాక్ష్యం లేదు, ఆ పేజీ కూడా లేదు.

2025 నవంబరు 2 రాత్రి నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచాక ఊరంతా అడిగిన ప్రశ్న ఒకటే, ఎవరీ శ్రీచరణి అని. కడప జిల్లా అమ్మాయి, ఎడమచేతి స్పిన్, ఆ టోర్నీలో 14 వికెట్లు. భారత్ తరఫున వన్డే తొలి మ్యాచ్ ఆడి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆడింది. దానికి ముందు, 2024 డిసెంబరు వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షలకు పిలిచినప్పుడు కూడా పట్టించుకున్నవాళ్లు కొద్దిమందే. ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడో కొన్ని స్కోరుబుక్కుల్లో ఉంది. ఆంధ్ర అమ్మాయిల మ్యాచ్‌లు వరుసగా రాసుకున్నవాడు ఎవరైనా ఉంటే ఆ రాత్రి అడగాల్సింది అతన్ని.

డబ్బు మాట కూడా ఒకటి. అమెరికాలో ఈ కింది మెట్ల ఆటగాళ్లకు 2023లో గానీ మొదటి ఉమ్మడి ఒప్పందం రాలేదు. దాంతో సింగిల్-ఎ కనీస జీతం ఏడాదికి 26,200 డాలర్లు, ట్రిపుల్-ఎకి 35,800 అయింది. మన దగ్గర 2021లో పెంచిన ప్రకారం రంజీలో కొత్తగా వచ్చినవాడికి మ్యాచ్ రోజుకు 40,000 రూపాయలు. అంటే రంజీ దాకా వస్తే బతుకుంది. అంతకు కిందున్న జిల్లా మ్యాచ్‌లకు బస్సు చార్జీ, షూలు, బ్యాటు, అన్నీ ఇంటివాళ్ల చెమటే.

అందుకే ఈ మధ్య ఆదివారాల్లో ఈ రాసేవాడు మైదానానికి తన సొంత నోటుపుస్తకం పట్టుకుపోతున్నాడు. ఎడమ పేజీలో వాంకూవర్, కుడి పేజీలో ఆ రోజు చెట్టు కింది మ్యాచ్. ప్రతి పిల్లాడి పేరు పక్కన పుట్టిన సంవత్సరం. సగటు రాయడు.

మొన్నొక ఆదివారం అవుటైన పిల్లాడు ప్యాడ్లు విప్పకుండానే స్కోరరు బల్ల దగ్గరికి వచ్చాడు. పన్నెండు పదమూడేళ్లు ఉంటాయి, హెల్మెట్ చంకలో.

“సార్, నాకెన్ని రాసినారు?”

“ఇరవై రెండబ్బా.”

“ఇరవై మూడు సార్. ఆ కడా ఓవర్లో లెగ్ బై ఇచ్చినారే, అది బ్యాటుకు తగిలింది.”

“అంపైరు కాలు తట్టి చూపించినాడు గదా. ఆయన చూపించిందే నేను రాసేది.”

పిల్లాడు వాదించలేదు. పుస్తకంలోకి వంగి తన పేరున్న వరుసంతా వేలితో తడుముతూ మొదటి పరుగు నుంచి ఒక్కొక్కటే చదువుకున్నాడు. తర్వాత ప్యాడ్ల పట్టీలు విప్పుకుంటూ నీడలోకి పోయాడు. స్కోరుబుక్కులో 22 అలాగే ఉంది. ఈ రాసేవాడి నోటుపుస్తకంలో 22 పక్కన చిన్నగా ఒక మాట ఎక్కింది, బ్యాటుకు తగిలిందన్నాడు అని. దాని కింద తేదీ, పుట్టిన ఏడు 2013, తర్వాతి మ్యాచ్ కోసం వదిలిన రెండు ఖాళీ వరుసలు.