అపరాధ చిత్రములకు అంటుకట్టుట

2002 మే నెలలో "సి.ఎస్.ఐ." అను అమెరికా టెలివిజన్ అపరాధ ధారావాహిక ఒక తమాషా చేసినది. లాస్ వెగాస్‌లో మొదలైన కేసును వెంబడించి ఇద్దరు పరిశోధకులు మయామీకి పోయినారు. అచట కనబడిన క్రొత్త బృందముతోనే ఆ సెప్టెంబరులో "సి.ఎస్.ఐ. మయామీ" అను వేరొక ధారావాహిక మొదలైనది. తోటమాలి అంటుకట్టినట్లన్నమాట.

తెలుగులో ఈ పద్ధతిని శైలేష్ కొలను "హిట్" చిత్రములలో వాడినారు. 2020 నాటి మొదటి చిత్రమున విశ్వక్ సేన్, 2022 నాటి రెండవదానిలో అడివి శేష్ పరిశోధకులు. రెండవది ముగియుచుండగా నాని పోషించిన అర్జున్ సర్కార్ తెరమీదికి వచ్చును. 2025 మే 1న విడుదలైన మూడవ చిత్రము అతనిదే.

రెండవ చిత్రపు కథాబీజము మంచిది. ఒకే స్త్రీవనుకొన్న శరీరభాగములు పలువురివని పరీక్షలో తేలును. ఇది సాధ్యమే. ఒక్కొక్క భాగమునుండి కణజాలము తీసి, మనిషికీ మనిషికీ మారెడి డి.ఎన్.ఏ. వరుసలను పోల్చినచో చాలును. అయితే అవి ఎవరివో డి.ఎన్.ఏ. తనంత తాను పేరు చెప్పదు. తల్లిదండ్రుల రక్తముతోనో, ఆమె దువ్వెనలో చిక్కిన కుదుళ్ళుగల వెంట్రుకలతోనో సరిచూడవలెను. అసలు ఉత్కంఠ ఇచటనే గలదు. ఇట్టి చిత్రములు సాధారణముగా దీనిని చిటికెలో దాటించును. మూడవ చిత్రమునకు వచ్చుసరికి ప్రయోగశాల చిక్కిపోయి నాయకుని కండలు పెరిగినవి. అది పెద్దలకు మాత్రమే అను ధ్రువపత్రము పొందినది కూడ! క్రొత్త నాయకునికి ఇచ్చిన శ్రద్ధలో సగము సాక్ష్యమునకు దక్కలేదు.

నిజమైన అంటు మన హైదరాబాదులోనే గలదు. డాక్టర్ లాల్జీ సింగ్ ఆడ కట్లపాము లింగనిర్ణయ క్రోమోసోములను పరిశీలించుచు, మరల మరల వచ్చు ఒక డి.ఎన్.ఏ. వరుసను గుర్తించినారు. (ఈ పాముల శాస్త్రీయనామము "బంగారస్" మన తెలుగు "బంగారు" నుండి పుట్టినదే.) అదే వరుస 1980ల చివర సి.సి.ఎం.బి.లో మనుష్యులను గుర్తించు సాధనమైనది. కేరళలో ఒక పితృత్వ వివాదమును తేల్చినది. పామునుండి న్యాయస్థానమునకు! ఇంతటి మలుపు ఏ కథకునికి తట్టినది?

అన్నోజిగూడనుండి బస్సెక్కిన విద్యార్థికి ఉప్పల్‌లో సి.డి.ఎఫ్.డి., రామంతపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల దగ్గరలోనే ఉన్నవి. అచటికి చేరు ప్రతి పొట్లమును ఎవరు తీసినారు, ఎవరు ముద్రవేసినారు, ఎవరి చేతికిచ్చినారు అనునవి వ్రాసియుండవలెను. ఆ వరుస తెగినచో సాక్ష్యమును కోర్టులో శంకింతురు. నేరస్థుడు తప్పించుకొనవచ్చును, నిరపరాధి చిక్కుకొనవచ్చును. ఉపాధ్యాయులు ఏదైన ఒక అపరాధ కథను తీసికొని, అందు పొట్లము ఎన్ని చేతులు మారినదో పిల్లలచే లెక్కింపజేయవచ్చును. చాల కథలలో అసలు పొట్లమే కనబడదు.