రంగప్రవేశం తరువాత?

ఇక్కడ వసంతం మొదలయ్యే రోజుల్లో, అంటే మన ఊళ్ళలో దసరా సంబరాలు దగ్గరపడే వేళకు, క్వేకర్స్ హిల్‌లో మా ఇంటి పోస్టుడబ్బాలోకి ఏటా ఒక రంగురంగుల పుస్తకం వస్తుంది. బాలె కంపెనీవారు వచ్చే సంవత్సరం ఏ నెలలో ఏ కథ ఆడబోతున్నారో, ఎన్ని రోజులు ఆడతారో అందులో ఉంటుంది. దాన్ని వీళ్ళు సీజను అంటారు. ఇంకా రిహార్సలు కూడా మొదలుకాని నృత్యానికి జనం ముందుగానే డబ్బు కట్టి కుర్చీలు ఖాయం చేసుకుంటారు. మొదటిసారి ఆ పుస్తకం చూసినప్పుడు మాకు నవ్వు వచ్చింది. చూడని ఆటకు ఇంత నమ్మకమా అనుకున్నాం. ఇప్పుడు ఆ నమ్మకాన్ని గురించే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

సంగతి సభ్యులలో చాలామందికి తెలిసిందే. మన ప్రాంతంలో కూచిపూడి నేర్చి, రంగప్రవేశాలు అయి, ఉద్యోగాలలో సంసారాలలో పడిన అమ్మాయిలు కొందరు ఒక మేళంగా ఏర్పడ్డారు. వాళ్ళతో ఇద్దరు మగవాళ్ళు కూడా ఉన్నారు. వచ్చే సంవత్సరం బ్లాక్‌టౌన్ వైపు ఒక హాలులో నాలుగు నెలలకొకటి చొప్పున మూడు నృత్యనాటకాలు వేస్తామనీ, సంఘం అండగా నిలబడాలనీ అడిగారు. మూడు కథలూ వారే ఎంచుకున్నారు: భామాకలాపం, ప్రహ్లాద చరిత్ర, చండాలిక. అంటే మనకూ ఒక బాలె సీజను రాబోతోందన్నమాట, మనం రానిస్తే.

"డాక్టరుగారూ, మూడు సాయంత్రాలకు పెట్టే డబ్బుతో ఒక సినిమా గాయకుణ్ణి పిలిపిస్తే హాలు నిండిపోతుంది కదా" అని కార్యవర్గంలో ఒక పెద్దాయన మాతో అన్నారు. ఆయన మాటలో లెక్క తప్పు లేదు. 2016 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 34 వేలు, 2021 నాటికి సుమారు 59 వేలు. గాయకుడి కోసం హాలు నిండటానికి ఈ సంఖ్య చాలు. మా సందేహం వేరు. గాయకుడు వచ్చి వెళ్ళిన మర్నాడు మన దగ్గర ఏం మిగులుతుంది?

సీజను అంటే ఏమిటో ముందుగా ఇక్కడివారి నుంచే చూద్దాం. మారియస్ పెటిపా 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కూర్చిన 'లా బయదేర్' అనే బాలె ఉంది. సంగీతం మింకుస్‌ది. నాయిక నికియా గుడిలో నాట్యమాడే దేవదాసి. ఆమెను ప్రేమించిన వీరుడికి తన కూతురునిచ్చి పెళ్ళి చేయాలనుకునే ప్రభువు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ గోల్కొండ రాజు! రష్యాలో కూర్చున్న ఫ్రెంచివాడు ఊహించుకున్న గోల్కొండ అది. మన గోల్కొండకూ దానికీ పేరు ఒక్కటే పోలిక. అయినా దాన్ని నూట నలభై ఏళ్ళకు పైగా ఆడుతూనే ఉన్నారు. మేము ఈ దేశం రాకముందు, 2014లో, ఆస్ట్రేలియన్ బాలెవారు స్టాంటన్ వెల్ష్ కూర్చిన రూపాన్ని ఆడారు. 2018లో క్వీన్స్‌లాండ్ బాలెవారు గ్రెగ్ హోర్స్‌మన్ చేత దాన్ని మళ్ళీ కూర్పించి, కథను బ్రిటిషు పాలన రోజులకు మార్చారు. అందులో పెర్త్‌లోని వెస్ట్ ఆస్ట్రేలియన్ బాలె, కెనడాలోని విన్నిపెగ్ కంపెనీ భాగస్వాములు. ఆ పెర్త్ కంపెనీ పుట్టింది 1952లో. దేశమంతటికీ పెద్దదైన ఆస్ట్రేలియన్ బాలె కన్నా పదేళ్ళు ముందు. చిన్న ఊరి కంపెనీ అని ఎవరూ దాన్ని తీసిపారేయలేదు.

ఇందులో మనం గమనించవలసింది గోల్కొండను ఎంత తప్పుగా చూపారన్నది కాదు. ఒకే కథను మళ్ళీ మళ్ళీ ఆడటమూ, మళ్ళీ మళ్ళీ చూడటమూ. పోయినసారి నికియా కన్నా ఈసారి నికియా ఎక్కడ మెరుగు, ఎక్కడ వెలితి అని మాట్లాడుకోగలిగే ప్రేక్షకులు అలా తయారవుతారు. మన దగ్గర "భామాకలాపమా? అది చూశాం కదండీ" అంటారు. కథ తెలుసుకోవడానికే అయితే చూడటం దేనికి?

ఇది మనకు తెలియని పద్ధతీ కాదు. గోల్కొండ తానీషా కృష్ణాజిల్లాలోని కూచిపూడి గ్రామాన్ని అక్కడి భాగవతులకు దానంగా ఇచ్చాడని ఐతిహ్యం. ఆ భాగవతుల మేళాలు పంటలు ఇంటికి చేరాక ఊరూరా బయలుదేరేవి. ఆరుబయట పందిరి, ఇద్దరు పట్టుకున్న తెర, దివిటీలు, ముఖ్యపాత్ర వచ్చేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున లేచే వెలుగు. ఆట తెల్లవార్లూ సాగేది. ఊరివాళ్ళు ధాన్యమో, బట్టలో, రూపాయలో ఇచ్చి పంపేవారు. మళ్ళీ ఏడాదికి వస్తారని వాళ్ళకూ తెలుసు, వీళ్ళకూ తెలుసు. దీన్ని సీజను అనక ఏమంటాం? మన తాతలకు టిక్కెట్టు పుస్తకం లేదు గాని, వాళ్ళు చందాదారులే.

తరువాత మార్పులు వచ్చాయి. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆడపిల్లలకు నేర్పి, ఒక్కరే నర్తించే అంశాలకు ప్రాముఖ్యం తెచ్చారు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. అయితే చినసత్యంగారు ఒంటరి నృత్యాలతో తృప్తిపడలేదన్న సంగతి మనం మరిచిపోతున్నాం. భుజంగరాయ శర్మగారి రచన, పట్రాయని సంగీతరావుగారి సంగీతం తోడుగా నాటకం తరువాత నాటకం కూర్చారు. ఆయన గొప్పతనంలో సగం ఆ బృందంలోనే ఉంది. మనం వలస వచ్చేటప్పుడు మాత్రం ఒంటరి నృత్యాన్నే వెంట తెచ్చుకున్నాం. ఒక అమ్మాయి, ఒక గురువు, రికార్డు చేసిన పాట: పెట్టెలో పట్టేంత కళ. నాటకం పెట్టెలో పట్టలేదు.

ఫలితం రంగప్రవేశం. పిల్లల కష్టాన్నిగాని, తల్లిదండ్రుల త్యాగాన్నిగాని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కాని వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళుగా ఒకటి చెప్పాలి. రంగప్రవేశానికి నెలరోజుల ముందు అమ్మాయిలు మోకాళ్ళ నొప్పితోనో, ముంగాలి ఎముక నొప్పితోనో వస్తుంటారు. వారానికి రెండు గంటలు చేసే సాధన ఉన్నట్టుండి రోజుకు నాలుగు గంటలు అవుతుంది. ఎముక అంత త్వరగా అలవాటుపడదు. కార్యక్రమం అయిన తరువాత అదే అమ్మాయిని కలిసి "ఏమ్మా, నాట్యం ఎలా సాగుతోంది?" అంటే "మానేశానండీ, పరీక్షలు" అంటుంది. ప్రవేశం నాడే నిష్క్రమణ. ఏడాదిలో మూడుసార్లు వేషం కట్టే మేళంలో ఉంటే సాధన ఏడాది పొడుగునా సమంగా సాగుతుంది. ఒంటికీ మంచిది, కళకూ మంచిది.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. రంగప్రవేశంలో మనం అతిథులం. పిలుపు అందుకుని, భోజనం చేసి వచ్చినవాళ్ళం. అక్కడ విమర్శకు చోటు లేదు, ఉండకూడదు కూడా. భామాకలాపంలో సత్యభామ మొదట ఎలా వస్తుందో గుర్తు చేసుకోండి. తెర వెనుక నుంచి జడను తెర మీదుగా బయటికి వేస్తుంది. అది ఉత్త అలంకారం కాదు. ఆటలో నన్ను మించినవారు సభలో ఉంటే వచ్చి ఈ జడ కోయండి అనే సవాలు అని పెద్దలు చెప్పేవారు. అంటే మన కళ తన మొదటి అడుగుకు ముందే విమర్శను పిలిచింది! వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935–2012) మగవాడై పుట్టి, జీవితమంతా సత్యభామగా ఆ సవాలు విసిరారు. ఊరికే చప్పట్లు కొట్టే సభలో ఆ జడకు అర్థం లేదు.

ఇక ఈ మేళంవారి ఎంపికలను గురించి మాకు తోచింది చెబుతాం.

భామాకలాపంతో ఆరంభించడం న్యాయం. కాని దాన్ని గంటన్నరకు కుదిస్తామనీ, సంగీతం రికార్డు చేసినదే వాడతామనీ అంటున్నారు. కుదించడాన్ని ఒప్పుకోవచ్చు, తెల్లవార్లూ కూర్చునే ఓపిక మనకు లేదు. లేఖ రాసే ఘట్టాన్ని మాత్రం ముట్టుకోకూడదు. అంతటి గర్విష్ఠి అహంకారం ఎక్కడ కరుగుతుందో తెలిసేది అక్కడే. రికార్డును మాత్రం ఒప్పుకోలేం. సత్యభామ ఒక చూపును ఇంకొంచెంసేపు నిలపాలనుకుంటే నట్టువాంగం ఆగాలి, వయొలిన్ వెనకే రావాలి. యంత్రం ఎవరికోసమూ ఆగదు. బాలెకు వేదిక ముందు గోతిలో వాద్యబృందాన్ని కూర్చోబెట్టి జీతాలిచ్చేది ఇందుకే. సిడ్నీలో మృదంగం, వయొలిన్, వేణువు వాయించేవాళ్ళు మన మధ్యనే ఉన్నారు. మూడింటిలో ఒక్క నాటకానికైనా వాళ్ళను కూర్చోబెట్టండి.

ప్రహ్లాద చరిత్ర మీద ఒక భయం, ఒక ఆశ. భయం ఏమిటంటే, పిల్లలందరికీ తలా ఒక వేషం ఇచ్చి దీన్ని బడి వార్షికోత్సవంలా చేస్తారేమోనని. ఆశకు కారణం మేలట్టూరు. నాయకరాజుల కాలంలో తంజావూరు సీమకు వలస వెళ్ళిన తెలుగు కుటుంబాల ఊరు అది. అక్కడ మేలట్టూరు వెంకటరామ శాస్త్రిగారు రాసిన తెలుగు ప్రహ్లాద చరిత్రను ఏటా నృసింహ జయంతి రోజుల్లో ఆడతారు. చుట్టూ ఉన్నది తమిళం, వీధిలో మాట తమిళం. నాటకం తెలుగు. వలస వచ్చిన మనం ఈ ఉదాహరణ దగ్గర కాసేపు ఆగాలి. అన్ని తరాలు ఆ తెలుగును కాపాడింది ఏడాదికొకసారి తప్పకుండా వచ్చే నాటకం. అక్కడా సీజనే!

చండాలిక గురించి గొడవ జరుగుతుందని మాకు తెలుసు. "పండుగ రోజుల్లో ఆ కథ ఎందుకండీ" అన్న మాట అప్పుడే వినిపించింది. రవీంద్రుడు 1933లో రాసిన నాటకం అది. అంటరానిదన్న అమ్మాయి చేతి నీళ్ళు ఒక బౌద్ధ భిక్షువు తాగుతాడు. తానూ మనిషినేనని ఆమెకు ఆ క్షణంలో తెలుస్తుంది. దీన్ని వెంపటివారు కూచిపూడికి తెచ్చారు. మా దృష్టిలో ఈ సీజనులో అత్యవసరమైనది ఇదే. కూచిపూడి ఒకప్పుడు కొన్ని ఇళ్ళ మగవాళ్ళ సొత్తు. భామాకలాపాన్ని కలావంతుల స్త్రీలూ ఆడేవారు. 1947 నాటి మద్రాసు చట్టం తరువాత వారికి వేదిక లేకుండా పోయింది. పరాయివాళ్ళు దేవదాసిని నాయికను చేసి పాడుకుంటుంటే, మనం ఆమె పేరే చెప్పుకోలేదు. ఇక్కడకు వచ్చాక కూడా, కొత్తగా పరిచయమైనవారి ఇంటిపేరూ ఊరూ మనం దేనికోసం అడుగుతామో మనకు తెలియనిది కాదు. ఈ నాటకం మనల్ని కాస్త ఇబ్బంది పెడితే మంచిదే. మేళంవారు దీన్ని చివరి సాయంత్రానికి పెట్టారు. వీలైతే మధ్యకు తేవాలని మా మనవి. చివరికి ఉంచినదాన్ని డబ్బు చాలక వదిలేయడం తేలిక.

మా తప్పు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కిందటి సంవత్సరం ఒక అమ్మాయి కార్యక్రమానికి వెళ్ళి, మర్నాడు పొద్దున్నే డ్యూటీ ఉందని విశ్రాంతి సమయంలోనే లేచి వచ్చేశాం. వస్తూ వస్తూ తల్లిదండ్రులతో "అద్భుతంగా ఉందండీ" అన్నాం. నిజానికి ఆ అమ్మాయి అభినయం బాగుంది, తాళం రెండుచోట్ల తప్పింది. ఆ రెండు ముక్కలూ ఎవరూ చెప్పకపోతే ఆ పిల్లకు దారి ఏది? అబద్ధపు మెప్పుతో తేలికగా తప్పించుకున్నాం. బాలె చూడటానికి మాత్రం రైలెక్కి సెంట్రల్‌లో మారి ఆపెరా హౌసుకు వెళ్ళి, చివరి చప్పట్లదాకా కూర్చుంటాం.

కనుక చదువరులకు మా విన్నపం ఇంతే. మూడు సాయంత్రాలకూ కలిపి టిక్కెట్లు ముందుగా కొనండి. ఉచితం వద్దు, ఉచితంగా వచ్చినవాడికి ఆలస్యంగా వచ్చే హక్కు కూడా ఉందనిపిస్తుంది. ముఖ్య అతిథుల ఉపన్యాసాలు, శాలువాలు ఆ మూడు రోజులూ మానుదాం. ప్రతి నాటకం తరువాత ఈ పత్రికలో రెండు పేజీలు నిష్పక్షపాతమైన సమీక్షకు కేటాయించమని సంపాదకులను కోరుతున్నాం. మొదటి సమీక్ష మేమే రాస్తాం. రెండవది మా సమీక్షలో తప్పులు పట్టగలిగినవారు రాయాలి.

మేళం రెండో సంవత్సరం కూడా నిలుస్తుందా అన్నది ఆ అమ్మాయిల పాదాల మీద ఆధారపడి లేదు. వాళ్ళు సిద్ధంగానే ఉన్నారు. తెర మీదుగా జడ పడినప్పుడు అది ఏం అడుగుతోందో తెలిసినవాళ్ళు హాలులో ఎంతమంది కూర్చుంటారన్నదే ప్రశ్న. మా కుటుంబానికి నాలుగు కుర్చీలు రాసుకోమని కార్యదర్శిగారికి చెప్పాం.