గిడసబారిన ప్రశ్న

‘తల్లుల ఉద్యోగానికీ పిల్లల ఎదుగుదల లోపానికీ సంబంధం’. పోషకాహార పరిశోధనల్లో తరచూ కనబడే శీర్షిక ఇది. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి అంకెలకన్నా ముందు వాక్యం మీద నా చూపు పడుతుంది. ఈ వాక్యంలో తల్లి ఉంది, బిడ్డ ఉంది, ఉద్యోగం ఉంది. తండ్రి లేడు. భూమి లేదు, కూలిరేటు లేదు. అందుకని జవాబు ఏదొచ్చినా అది తల్లి మీదకే వస్తుంది.

ముందు ‘ఉద్యోగం’ అనే మాట సంగతి చూద్దాం. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ పక్కన, కర్ణాటక సరిహద్దులో ఉన్న మొగుడంపల్లి 2016లో మండలమయింది. ఇక్కడి మెట్టచేలల్లో కలుపు తీసే, పత్తి ఏరే దళిత, లంబాడా స్త్రీల పనిని కైకిలి అంటారు తప్ప ఉద్యోగం అనరు. కానీ సర్వే పట్టికలో ఆమె, హైదరాబాదు బ్యాంకులో పనిచేసే స్త్రీ ఒకే గడిలో కూర్చుంటారు. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి జీతంతో సెలవును 26 వారాలు చేసినప్పుడు అది బ్యాంకు ఉద్యోగినికి అందింది. కైకిలికి పోయే తల్లికి ఒక్క వారం కూడా అందలేదు.

వయసుకు తగిన ఎత్తు లేకపోవడాన్ని మనం గిడసబారడం అంటాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో ఇది 2015-16లో దేశంలో 38.4 శాతం, 2019-21లో 35.5 శాతం. అవే సర్వేల మధ్య తెలంగాణలో 28 నుంచి 33.1 శాతానికి పెరిగింది. పైరు గిడసబారితే రైతు నీటిని, నేలను, ఎరువును చూస్తాడు. పిల్లల విషయానికి వచ్చేసరికి తల్లి ఎక్కడికి పోయిందని ఎందుకడుగుతాం?

పనిచేసే తల్లుల పిల్లల్లో లోపం ఎక్కువని పట్టిక చూపిస్తే, అది పని ఫలితమని వెంటనే అనుకోలేం. మన దగ్గర కూలికి పోయే స్త్రీలలో ఎక్కువమంది పేదరికం తోస్తేనే పోతారు. ఆ పేదరికమే పిల్లల కంచంలోనూ, తాగేనీటిలోనూ, తల్లి రక్తహీనతలోనూ ఉంది. పనివల్ల ఇంటికి డబ్బొస్తుంది, పొద్దు పోతుంది. ఆ పోయిన పొద్దును ఇంట్లో ఇంకెవరూ పూడ్చకపోవడమే అసలు చిక్కు. 2019 కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేశామన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు చేశారు. చేశామన్న మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు చేశామన్న మగవాళ్ళే నూటికి 26 మంది.

ఇక ప్రభుత్వం సంగతి. ఎదుగుదల దెబ్బతినేది ప్రధానంగా కడుపులో ఉన్నప్పటినుంచి రెండేళ్ళు నిండేదాకా. అంగన్‌వాడీ బిడ్డను తన దగ్గర ఉంచుకునేది ప్రధానంగా మూడేళ్ళు నిండాక. అంతకన్నా చిన్నవాళ్ళకు బాలామృతం పొట్లం ఇంటికిస్తారు. ఆ పిండి కలిపి పూటపూటకూ తినిపించాల్సిన మనిషి చేలో ఉంటుంది. పనిచోట అయిదుగురు, అంతకుమించి పసిపిల్లలుంటే చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో రాశారు. బిడ్డను చూడటం కూలి ఇవ్వాల్సిన పనేనని ఒప్పుకున్న అరుదైన వాక్యమది. అక్కడ కూడా ‘స్త్రీని’ అనే రాశారనుకోండి!

మన స్త్రీవాద కథల్లోనూ ఈ పసిబిడ్డ తక్కువగానే కనబడుతుంది. ఇంటిపని, ఆఫీసుపని మధ్య నలిగే ఉద్యోగిని గురించి మనం చాలా రాసుకున్నాం. చేను గట్టున పడుకోబెట్టిన బిడ్డ వైపు చూపు తిప్పినవాళ్ళలో దళిత రచయిత్రులే ముందున్నారు. ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయమనే సామెతను గోగు శ్యామల తన కథకు శీర్షిక చేసుకున్నారు. ఏకులబుట్ట నూలు వడికే స్త్రీ దగ్గరుండేది. అంటే సామెతకు తెలిసిన తల్లి పనిచేసే తల్లే. ఆమె పని బిడ్డకు శత్రువని సామెత అనుకోలేదు. కాకపోతే తండ్రి పనికిరాకపోవడాన్ని మాత్రం ఎండావానల్లా సహజమన్నట్టు ఒప్పేసుకుంది. పరిశోధకుల వాక్యం తండ్రిని తీసేసింది, సామెత వదిలేసింది. రెంటినీ ప్రశ్నించాల్సిందే.

జహీరాబాద్ ప్రాంతంలోనే మరో రకం పని కూడా జరిగింది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని పేద స్త్రీలు, ఎక్కువమంది దళితులు, 1990ల మధ్యలో బీడు భూములు సాగులోకి తెచ్చారు. పండిన జొన్నలు ఊళ్ళోనే నిలవచేసి, పేద ఇళ్ళేవో తామే తేల్చుకుని, తిండికి కటకటలాడే నెలల్లో తక్కువ ధరకిచ్చారు. తల్లులు చేలకు పోయే వేళ పిల్లల్ని చూడటానికి బాలవాడీలు నడిపారు. ఇక్కడా తల్లులు పనిచేస్తూనే ఉన్నారు. మారింది గింజ మీద అధికారం, బిడ్డను చూసే బాధ్యత.

అందుకే తల్లి పనిచేయాలా వద్దా అనే చర్చతో మనకు పని లేదు. ఆమెకొచ్చే కూలి ఎంత, పండినదాని మీద హక్కు ఎవరిది, ఆమె చేలో ఉన్నప్పుడు బిడ్డ ఎవరి ఒళ్ళో ఉంది అని అడగాలి. చివరి ప్రశ్నకు జవాబు చెప్పాల్సినవాళ్ళలో తండ్రి మొదటివాడు, ప్రభుత్వం రెండోది.