ఓడించగలిగిన యంత్రం

చదరంగం ఆడటం తప్ప మరే పనీ రాని యంత్రం మొదటిసారి దుకాణాల్లోకి వచ్చింది 1977లో. అమెరికాకు చెందిన ఫిడెలిటీ ఎలక్ట్రానిక్స్ సంస్థ ‘చెస్ ఛాలెంజర్’ పేరుతో దాన్ని తయారుచేసింది. తొలి నమూనాలో ఎత్తులను మీటలు నొక్కి తెలపాల్సి వచ్చేది. తరువాతి వాటిలో గడుల కిందే ఒత్తిడిని గుర్తించే పొర అమర్చడంతో, పావు తీసిన గడినీ పెట్టిన గడినీ కాస్త అదిమితే చాలు, యంత్రం తన జవాబును చిన్న ఎర్రదీపాలు వెలిగించి చూపేది. దాని పావును కూడా ఎదుట కూర్చున్న మనిషే జరపాలి. మన దేశంలో 1991కి ముందు విదేశీ వస్తువుల దిగుమతిపై కఠినమైన ఆంక్షలు ఉన్నందువల్ల, ఇప్పటి హన్మకొండ జిల్లాలోని పరకాల వంటి పట్టణంలో అలాంటిది కనిపించిందంటే అది గల్ఫ్ నుంచో అమెరికా నుంచో సెలవుకు వచ్చినవారి పెట్టెలోంచి దిగినదే అయి ఉండాలి.

ఆ యంత్రాల గుణాల్లో ఒకదాన్ని పెద్దగా ఎవరూ చెప్పుకోరు. అరుగుల మీద సాగిన దేశవాళీ ఆటలో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే కదలడం, ఒకసారైనా చెక్ పడని రాజు గుర్రంలా ఒక్క దూకు దూకడం వంటి, ఊరిని బట్టి మారే పద్ధతులు ఉండేవి. యంత్రానికి తెలిసినవి అంతర్జాతీయ నియమాలు మాత్రమే కాబట్టి రాజును గుర్రంలా దూకిస్తే కీచుమని శబ్దం చేసి నిరాకరించేది. వాదించడానికి అవతల మనిషి లేకపోవడం వల్ల ఆడేవారు నియమాలనే నేర్చుకోవలసి వచ్చేది.

యంత్రం ఆలోచించే తీరును క్లాడ్ షానన్ అనే అమెరికన్ గణితజ్ఞుడు 1950లోనే వివరించాడు. తన ప్రతి ఎత్తుకూ ప్రత్యర్థి ఇవ్వగల ప్రతి జవాబునూ, దానికి మళ్లీ తన జవాబునూ వరుసగా పరిశీలించి, చివర మిగిలిన పావుల విలువను లెక్కగట్టి, ప్రత్యర్థి అత్యుత్తమంగా ఆడినా తనకు తక్కువ నష్టం కలిగించే దారిని ఎంచుకోవడమే ఆ పద్ధతి సారాంశం. ఆట మధ్యలో ఒక్కో స్థితిలో సుమారు 35 ఎత్తులు సాధ్యమనుకుంటే, ఇరువైపులా రెండేసి ఎత్తులు చూసేసరికే లెక్క 15 లక్షలు దాటుతుంది. అందుకే ఆనాటి చిన్న ప్రాసెసర్లకు ఎక్కడో ఒకచోట ఆగక తప్పేది కాదు. ఆగిన చోటుకు అవతల ఏముందో యంత్రానికి కనపడదు. శకటు పోవడం ఖాయమని తెలిస్తే, ముందుగా ఒక బంటునో రెండు బంట్లనో బలిచ్చి ఆ నష్టాన్ని తన చూపుకు ఆవలికి నెట్టేసి, గండం గడిచిందని భ్రమపడేది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు హాన్స్ బెర్లినర్ ఈ లోపానికి ‘హొరైజన్ ఎఫెక్ట్’ అని పేరు పెట్టాడు. నిదానంగా ఆడేవాడికి ఆ యంత్రం మీద ఉన్న ఆయుధం ఇదే: బంట్లను ఎదురెదురుగా బిగించి బోర్డును మూసివేసి, పది ఎత్తుల తరువాత గానీ ఫలితం తేలని దాడిని దాని కళ్లముందే పేర్చుకుంటూ పోవచ్చు.

ఈ చరిత్రలో తెలుగువారి ప్రమేయం కూడా లేకపోలేదు. బెర్లినర్ బృందం ‘హైటెక్’ అనే చదరంగ యంత్రాన్ని, ఫెంగ్ షియుంగ్ షూ బృందం ‘డీప్ థాట్’ను నిర్మించిన కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి. ప్రపంచ విజేతను ఓడించే యంత్రానికి లక్ష డాలర్లు ప్రకటించిన ఫ్రెడ్కిన్ బహుమతిని 1980లో నెలకొల్పింది కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే. 1997 మేలో సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించే డీప్ బ్లూ యంత్రం ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను 3½–2½ తేడాతో ఓడించాక ఆ బహుమతి దాని నిర్మాతలకు దక్కింది.

ఆ తరువాతి కథ క్లుప్తం. స్టాక్‌ఫిష్ వంటి ఉచిత ప్రోగ్రామ్ నేడు ప్రతి ఫోన్‌లోనూ ఉండగలదు. ఆటగాడి బలాన్ని అంకెల్లో చెప్పే రేటింగ్ దానికి కంప్యూటర్ల జాబితాల్లో 3,500 దాటింది. పరకాల ఉన్న హన్మకొండ జిల్లాకే చెందిన ఎరిగైసి అర్జున్ 2018లో 14 ఏళ్ల వయసులో గ్రాండ్‌మాస్టరై, 2024 డిసెంబరులో 2,801 రేటింగ్‌తో ఆనంద్ తరువాత 2,800 దాటిన రెండో భారతీయుడయ్యాడు. రెండు జాబితాల కొలమానం ఒకటి కాకపోయినా తేడా ఎంతో స్పష్టమే. అందుకే ఈ స్థాయి ఆటగాళ్లు స్టాక్‌ఫిష్‌ను ఓడించడానికి కూర్చోరు; ప్రారంభపు ఎత్తులను పరీక్షించడానికీ, ముగిసిన ఆటలో తప్పెక్కడ జరిగిందో వెదకడానికీ దాన్ని వాడతారు. పరీక్షకుడిగా దానికి సాటి లేదు గానీ, ప్రత్యర్థిగా అది నేర్చుకునేవాడికి ఓటమి తప్ప ఏమీ ఇవ్వదు. స్థాయి తగ్గించి ఆడించినా చాలాసార్లు పదునైన ఎత్తుల నడుమ అర్థంలేని ఎత్తు ఒకటి కావాలని వేస్తుంది. అది బలహీనుడి ఆటలా కాక దయ తలచినట్టు ఉంటుంది. పాత యంత్రం ఓడేది నిజంగా ఓడిపోయే.

కనుక ఇంట్లో ఏ అటక మీదో అలాంటి బోర్డు ఉన్నవారు దాన్ని పారేయకుండా బ్యాటరీలు మార్చి, ఒక స్థాయిని ఎంచుకుని, దాన్ని ఓడించేదాకా అదే స్థాయిలో ఆడి చూడాలి. ఎత్తును వెనక్కి తీసుకునే మీట జోలికి పోకూడదు, ప్రతి ఎత్తునూ నోటుబుక్కులో రాసుకోవాలి. ఫోన్‌లోని స్టాక్‌ఫిష్‌ను ఆట ముగిశాకే తెరవాలి.