మంచుకు ముందు మట్టి పని

న్యూజెర్సీలో సెప్టెంబరు వచ్చిందంటే లాన్ పనివాళ్లకు క్షణం తీరిక ఉండదు. ఎండాకాలమంతా పిల్లల పరుగులకు, కోత మెషిన్ బరువుకు నేల అణిగి గట్టిపడి ఉంటుంది. నేలలో రంధ్రాలు చేసే ఏరేటర్ నడుస్తుంటే వేలెడంత మట్టి ముక్కలు పైకి లేచి గడ్డి మీద పడతాయి. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు వాటిని ఊడ్చేయబోతారు. ‘వదిలేయండి, వానలకు కరిగిపోతాయి’ అంటాడు పనివాడు. ఆ రంధ్రాల్లోంచే గాలి, నీరు, ఎరువు వేళ్లకు దిగుతాయి. పల్చబడిన చోట అప్పుడే ఫెస్క్యూ గడ్డి విత్తనం చల్లుతారు. ఎండ తగ్గినా నేలలో ఇంకా వెచ్చదనం ఉంటుంది. మొలకకు అంతకంటే మంచి అదను లేదు.

నవంబరులో రాలిన ఆకులు తీసేసి, చివరి కోతలో గడ్డిని సుమారు 2.5 అంగుళాల ఎత్తున ఉంచుతారు. మరీ పెరిగితే మంచు కింద వాలిపోయి బూజు పడుతుంది.

స్ప్రింక్లర్ గొట్టాల్లో నీళ్లను కంప్రెసర్‌తో వెళ్లగొట్టడం నాకు అన్నిటికంటే నచ్చే పని. ఒక్కో మూల తుంపర ఆగి ఉత్త గాలి వచ్చేదాకా ఓపికగా నిలబడతారు. నీరు మిగిలితే గడ్డకట్టి గొట్టం పగులుతుంది మరి.

ఏప్రిల్‌లో మన లాన్‌ను ఎవరైనా మెచ్చుకుంటే, ఆ మెప్పు సెప్టెంబరులో చెమటోడ్చినవాళ్లకే చెందాలి.