ఆవిరి లెక్క తేల్చే చెయ్యి

పుదుచ్చేరి అనగానే బీచి రోడ్డు, పసుపు గోడల ఫ్రెంచి వీధులు గుర్తొస్తాయి. నిజానికిది మిల్లుల ఊరు కూడా. 1898లో మొదలైన ఏఎఫ్‌టీ మిల్లు 2020 ఏప్రిల్ నెలాఖరున మూతపడింది. మిల్లులు పోయినా బాయిలర్లు పోలేదు. మెట్టుపాలయం, సేదరాపట్టు పారిశ్రామికవాడల్లో ఆవిరి లేనిదే షిఫ్టు నడవని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆవిరి ఉన్నచోట దాన్ని కొలిచే మీటరుంటుంది, మీటరున్నచోట తగవుంటుంది.

అలాంటి తగవులు తీర్చే ఒక ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ పని దగ్గరుండి చూశాను. యానాం మనిషి. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోదే అయినా గోదావరి ఒడ్డు ఊరు. అందుకే ఈయన తమిళంలో బేరమాడతాడు, తెలుగులో విసుక్కుంటాడు.

పిలిచిన ఫ్యాక్టరీవాళ్ల ఫిర్యాదు ఇది: రాత్రి షిఫ్టులో బాయిలర్‌లోకి పోయిన నీళ్లు, బయటికొచ్చిన ఆవిరి సరిగ్గా సరిపోతున్నాయి. పగలు మాత్రం ఆవిరి ఐదు శాతం తక్కువ వస్తోంది. కాబట్టి పగటిపూట మీటరు తప్పు చూపిస్తోంది.

ఆయన మీటరు దగ్గరికి వెళ్లనేలేదు. లాగ్‌బుక్ తిరగేసి ఆపరేటర్ని ఒకటే అడిగాడు: "పోసిన నీళ్లన్నీ ఆవిరైపోతే బ్లోడౌన్ ఏ నీళ్లతో చేశావన్నా?"

సముద్రం పక్క ఊళ్లో భూగర్భజలానికి ఉప్పు సమస్య ఉండనే ఉంది. బాయిలర్‌లో ఆ ఉప్పు పేరుకోకుండా కొంత నీటిని వదిలెయ్యాలి. లోపలికొచ్చే నీటి టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మోతాదు) 200, బాయిలర్‌లో 3,500 దాటకూడదు అనుకుంటే, పోసిన దాంట్లో 5.7 శాతం బ్లోడౌన్‌కే పోతుంది. అంటే పగటి తేడానే న్యాయమైన తేడా. అబద్ధం రాత్రిది. లెక్క కుదిరిందని అందరూ నమ్మినచోటే ఈయనకు అనుమానం మొదలైంది. ఆయన పనితనంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పైగా తప్పు ఎంత అని కాదు, ఏ లోడు దగ్గర ఎంత అని చూస్తాడు.

అక్కడున్నది ఆరిఫిస్ ప్లేటు మీటరు. పైపులో అడ్డంగా చిల్లున్న రేకు పెడతారు. దానికి ముందూ వెనకా పీడనంలో వచ్చే తేడా నుంచి ప్రవాహం లెక్కగడతారు. పీడనం తేడా నుంచి వేగం రాబట్టే పద్ధతిని 1732లో ఆన్రీ పిటో పారిస్‌లో సేన్ నది మీద వాడి చూపాడు. ఫ్రెంచివాళ్లు ఏలిన ఊళ్లో ఆ మాట అనకపోతే బాగుండదు. ఈ మీటరులో చిక్కల్లా వర్గమూలం. ప్రవాహం పావు వంతుకు పడితే పీడనం తేడా పదహారో వంతుకు పడుతుంది. ఈ మీటరుకు పూర్తి ప్రవాహం గంటకు 3,000 కిలోలు, అప్పుడు తేడా 2,500 మిల్లీమీటర్ల నీటిమట్టం. రాత్రి 750 కిలోలు పోతుంటే ఆ తేడా 156 మిల్లీమీటర్లే. పగలు పట్టించుకోనక్కర్లేని చిన్న దోషం రాత్రి కొండంతవుతుంది.

ఇక ఒక్కో అనుమానాన్నీ కొట్టేస్తూ వచ్చాడు. ట్రాన్స్‌మిటర్‌లో ఒకసారి, డిస్‌ప్లేలో ఇంకోసారి వర్గమూలం తీస్తున్నారా? అలాగైతే పావు ప్రవాహం సగంగా కనిపించాలి, ఇక్కడ తప్పు అంత పెద్దది కాదు. ఆవిరి పీడనం తగ్గిందా? పది బార్ గేజికి సెట్ చేసిన మీటరుని ఏడు బార్ దగ్గర నడిపితే, సాంద్రత ఘనపు మీటరుకు 5.64 కిలోల నుంచి 4.16కి పడిపోయి రీడింగు 16 శాతం ఎక్కువొస్తుంది. అదే వోర్టెక్స్ మీటరైతే 35 శాతం దాటుతుంది. కానీ ఆ దోషం పగలూ రాత్రీ ఒకేలా ఉండాలి. గేజి చూశాడు, పది దగ్గరే నిలకడగా ఉంది.

అప్పుడు మీటరు వాల్వులుండే మానిఫోల్డ్ దగ్గర కూర్చున్నాడు. ఒకవైపు వాల్వు మూశాకే ఈక్వలైజింగ్ వాల్వు తెరిచాడు. తొందరపడి అన్నీ ఒకేసారి తెరిస్తే, ప్లేటు దగ్గరి పీడనాన్ని మోసుకొచ్చే ఇంపల్స్ లైన్లలో నిలిచిన నీరు జారిపోయి వేడి ఆవిరి నేరుగా ట్రాన్స్‌మిటర్‌ని తాకుతుంది. సున్నా సరిగ్గానే వచ్చింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఈ సున్నా ట్రాన్స్‌మిటర్‌దే, దానికి పైనున్న గొట్టాలది కాదు. అందుకని పీడనం అలాగే ఉంచి, దిగువ వాల్వు మూయించి, ఆవిరి కదలకుండా చేశాడు. డిస్‌ప్లే అప్పుడూ సున్నానే చూపించింది. ఆయన నవ్వి సెట్టింగుల్లోకి వెళ్లాడు. పది శాతం లోపు ఏదొచ్చినా సున్నా చూపించమని ఎవరో ఎప్పుడో కటాఫ్ పెట్టి ఉంచారు. దాన్ని తీసేసేసరికి తెర మీద గంటకు 268 కిలోలు! పైపులో కదిలేది ఏమీ లేదు.

వెనక్కి లెక్కేస్తే అది 20 మిల్లీమీటర్ల నీరు. ప్లేటుకు రెండు పక్కలా, ఆవిరి నీరై నిలిచే కండెన్సేట్ పాట్లు ఒకే మట్టంలో ఉండాలి. అవి నిజంగా అలా ఉన్నాయో లేదో చూడ్డానికి సంచీలోంచి తీసింది తాపీమేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ ట్యూబు. రెండు కొసలూ రెండు పాట్లకు ఆనించి, బుడగ లేకుండా తట్టి, నీళ్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. ఒక బ్రాకెట్ వంగి, తక్కువ పీడనం వైపు పాట్ రెండు సెంటీమీటర్లు కిందికి జారింది. పైన ఇన్సులేషన్ చుట్టి ఉండడంతో ఎవరికీ కనిపించలేదు. 156కి 20 కలిస్తే 750 కిలోలు 796గా కనిపిస్తాయి, బ్లోడౌన్ మొత్తాన్ని మింగేస్తాయి. పూర్తి లోడు దగ్గర అదే 20 తెచ్చే తప్పు అర శాతం కూడా ఉండదు.

"ఇదంతా ఎందుకు, రాత్రికి ఒక ఫ్యాక్టరు పెట్టెయ్యకూడదా?" అని మేనేజరు అడిగాడు. "500 కిలోలకి ఒక ఫ్యాక్టరు, 1,000కి ఇంకోటి కావాలి సార్. ఎన్ని పెట్టమంటారు?"

బ్రాకెట్ సరిచేయడానికి లైను చల్లార్చారు కాబట్టి ప్లేటూ బయటికి తీయించాడు. ముందు గుడ్డతో తుడిచి, చిల్లు అంచుని టార్చి వెలుగులో ఏటవాలుగా తిప్పాడు. పదునైన అంచు మెరవదు. మెరిసిందంటే అరిగి గుండ్రమైందని అర్థం. ఐఎస్ఓ 5167 ప్రకారం అంచు గుండ్రదనపు వ్యాసార్ధం చిల్లు వ్యాసంలో 0.0004 వంతు దాటకూడదు. 50 మిల్లీమీటర్ల చిల్లుకైతే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. దాన్ని పట్టుకోవడానికి ఆయనకు మంచి వెలుగు, కన్ను చాలు. అంచు నల్లగానే ఉంది. గాస్కెట్ లోపలికి పొడుచుకు రాకుండా వేలితో చుట్టూ తడిమి, పదునైన వైపు ఆవిరికి ఎదురుగా బిగించాడు. తిరగేసి బిగిస్తే మీటరు తక్కువ చూపిస్తుంది, ఫ్లాంజి మూశాక ఆ సంగతి బయటికి కనబడదు.

ఫిల్లింగ్ ప్లగ్గుల్లోంచి రెండు గొట్టాలనీ నీళ్లతో నింపి, గాలి బుడగలన్నీ పోయేదాకా ఆగాడు. లైను మళ్లీ వేడెక్కాక, ఆవిరి కదలకుండా, కటాఫ్ లేకుండా ఇంకోసారి సున్నా చూశాడు. ఆ తరవాత కటాఫ్ రెండు శాతం దగ్గర పెట్టి, పాత విలువ, కొత్త విలువ, తేదీ లాగ్‌బుక్‌లో రాయించాడు. బయల్దేరబోతూ ఆపరేటర్ని పిలిచి, టీడీఎస్ పెరిగితే నురగతో పాటు నీటి తుంపర్లు ఆవిరిలో కలిసిపోతాయని, వాటిని ఈ మీటరు విడిగా పట్టుకోలేదని చెప్పాడు. లైనులో చేరిన నీటిని బయటికి వదలాల్సిన, ప్లేటుకు ముందున్న స్టీమ్ ట్రాప్ కూడా పనిచేయడం లేదు. దాన్ని మార్చమని రాసిచ్చి బండి తీశాడు.